ఆకుపచ్చ స్కూటర్

కుట్టుపని చేసే ఆమె ఇంగ్లీషు క్లాసు గుమ్మం బయటే ఆగిపోయింది. లోపల కొత్త బ్యాచ్ గొంతెత్తి వల్లె వేస్తోంది: "మై హస్బెండ్ టుక్ ఆఫ్ ఆన్ ద గ్రీన్ స్కూటర్. మా ఆయన ఆకుపచ్చ స్కూటరెక్కి ఉడాయించాడు. ఐ బ్రోక్ డౌన్. భోరుమన్నాను."

టీచర్ బయటికొచ్చింది.

"మేడమ్, అవి నా వాక్యాలు."

"నీ పేరు చెప్పలేదుగా! 'టుక్ ఆఫ్', 'బ్రోక్ డౌన్' లాంటి ఫ్రేజల్ వెర్బులు బట్టీ పడితే రావు, సొంత బతుకులోంచి చెబితేనే వస్తాయి. నీవి బాగా కుదిరాయి మరి."

"మీరొక్కరే వింటారని చెప్పాను. మా అమ్మకి కూడా చెప్పని మాటలవి."

"ఎవరివో వీళ్ళకేం తెలుస్తుందమ్మా?"

"ఆ కిటికీ పక్కన కూర్చున్నది మా ఆడపడుచు కూతురు. ఆయన పనిమీద ఊరెళ్ళాడని వాళ్ళందరితో బొంకుతూ వస్తున్నాను. స్కూటర్ మాట రాగానే అందరూ వల్లిస్తున్నా దాని నోరు మాత్రం ఆగిపోయింది."

"అయ్యో... నాకు తట్టలేదు."

"నిన్న 'లెట్ డౌన్'కి వాక్యం చెప్పమంటే నాకూ తట్టలేదు. నమ్మినవాళ్ళని నట్టేట ముంచడమని మీరే అర్థం చెప్పారు. ఇప్పుడు తట్టింది."

"లోపలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం."

"మై టీచర్ లెట్ మీ డౌన్. తప్పుల్లేవుగా మేడమ్? వెళ్ళండి, ఇది కూడా వల్లె వేయించండి."