మూడు రకాల జవాబులు

జపాన్‌లోని నీగాతాలో ఒక ప్రాథమిక పాఠశాల. పాఠాలైపోయి పిల్లలు తమ గదులు ఊడ్చుకునే వేళ. స్టాఫ్ రూములో వైస్ ప్రిన్సిపాల్ ఇగరాషి గారి బల్ల ముందుకి ఐదో తరగతి వకుయి సెన్సే, అంటే వకుయి మాస్టారు, వచ్చి నిలబడ్డాడు.

"కూర్చోండి వకుయి సెన్సే. నిన్నటి నించీ ఎక్కడ చూసినా మీ పాఠం కబుర్లే."

"నించునే చెప్తానండి. కూర్చుంటే ధైర్యం జారిపోతుంది."

"ధైర్యం ఇప్పుడెందుకు? వచ్చే నెల జిల్లా టీచర్ల సభలో కావాలి. లెక్కల పాఠం మీరే చెప్పాలి. పేరు పంపించేశాను."

"ఆ పేరే వెనక్కి తెప్పించండి, ఇగరాషి సెన్సే."

"చాల్లెండి వినయం. పధ్నాలుగు మంది టీచర్లు వెనక నించుని చూశారు. ముఖ్య అతిథి గారేమన్నారో తెలుసా? పిల్లలు ఇంత బాగా ఆలోచించే తరగతి ఈమధ్య చూళ్ళేదన్నారు."

"ఆలోచించలేదండి. అప్పజెప్పారు."

"ఏమిటీ?"

"అసలు పాఠం నాది కాదు. నెట్లో... మన మాస్టార్లే... తమ పాఠాలు ఉచితంగా పెడుతుంటారు చూడండి..."

"అదా! ఇంకా ఏం కొంప మునిగిందో అనుకున్నా. ఉచితంగా పెట్టేది తీసుకోడానికే కదా. అందరూ తీసుకుంటారు."

"అందరూ తలో ముక్కా తీసుకుంటారు. నేను గోడలతో సహా ఎత్తుకొచ్చాను. వేలితో లాగితే వంగే గళ్ళ సమాంతర చతుర్భుజం బొమ్మ వాళ్ళదే. వీడియో వాళ్ళదే. మీకిచ్చిన పాఠం ప్రణాళిక వాళ్ళదే. నేను మార్చింది తారీఖు, తరగతి. అంతే."

"బోర్డు మీద రాత మీదే కదా? మూడు రంగుల సుద్దతో, ఎడమ చివర్నించి కుడి చివరిదాకా, ఒక్క ముక్క చెరపకుండా..."

"దాని ఫోటో కూడా పెట్టారండి వాళ్ళు. ఆదివారం ఖాళీ గదిలో నాలుగుసార్లు చూసి రాశాను. నాలుగోసారి గుమ్మంలోంచి చప్పట్లు వినపడ్డాయి. కుళాయి బాగుచెయ్యడానికొచ్చినాయన."

"అయితే ఏమైంది? కష్టపడ్డారు."

"వినండి. ప్రణాళికలో 'పిల్లలు ఇలా అనొచ్చు' అని ఒక గడి ఉంటుందిగా..."

"ఉంటుంది. ఒకటో రకం, రెండో రకం, మూడో రకం."

"మూడోది తప్పు జవాబు."

"ఒక్క తప్పైనా రాకపోతే చర్చ ఎలా నడుస్తుంది?"

"వచ్చిందిగా! మూడూ వచ్చాయి. అదే వరసలో, అవే మాటల్లో. మన సొతారో సంగతి మీకు తెలుసు. పుట్టినరోజెప్పుడురా అంటే పక్కవాడి మొహం చూస్తాడు. వాడు లేచి, 'ఈ త్రిభుజాన్ని కోసి అటుపక్క అతికిస్తే దీర్ఘచతురస్రం వస్తుంది, కాబట్టి మనకి తెలిసిన పద్ధతే ఇక్కడా వాడవచ్చును' అన్నాడు. 'కాబట్టి' అన్నాడండీ సొతారో! 'వాడవచ్చును' అన్నాడు!"

"అప్పుడే తెలిసిపోయిందా మీకు?"

"తెలీకేం. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డా. ఏమనను? 'ఒరే, నేను కాపీ కొట్టింది నువ్వెందుకు కాపీ కొట్టావురా' అని అడగనా, అంతమంది ముందు?"

"పిల్లల్ని తర్వాత అడిగారా?"

"ఇవాళ పొద్దున్న అడిగా. ఏం దాచలేదు. రాయీ కాగితం కత్తెరా వేసుకుని జవాబులు పంచుకున్నారట. ఓడినవాడికి తప్పు జవాబు."

"ర్యోగాకా?"

"వాడికే. 'వైశాల్యానికి పక్కపక్క భుజాలు రెండూ గుణిస్తే చాలు' అనాలి. వారం రోజులు వాళ్ళమ్మ దగ్గర ఒకటే ఏడుపట, 'నాకు సరైంది తెలుసు, చెప్పనివ్వట్లేదు' అని. నవ్వకండి."

"నవ్వట్లేదు. టీ పొలమారింది."

"ఎందుకు చేశార్రా అంటే, నా మీద జాలేసిందట. పోయినేడు పాఠం కబురు వీళ్ళకీ తెలుసు. మీరైతే చూశారుగా."

"మర్చిపోయే పాఠమా అది? నలభై ఐదు నిమిషాలు."

"నలభై ఐదు నిమిషాలు ఒక్క చెయ్యి లేవలేదు. నేను 'ఇంకెవరైనా, ఇంకెవరైనా' అంటూ బల్లల మధ్య తిరిగాను. ఇంకెవరైనా అనాలంటే ముందు ఒకళ్ళుండాలి కదా! ఆఖర్న ఒక చెయ్యి లేచింది. బాత్రూంకి వెళ్ళొస్తానని."

"పాపం, మీరు దాన్నీ బోర్డు మీద రాయబోయారు."

"అందుకే చెప్తున్నా. జిల్లా సభలో పిల్లలు మనవాళ్ళు కారు, ఏదో బడివాళ్ళు. నా మొహం అంతకుముందు చూసుండరు. జాలి పడ్డానికైనా పరిచయం ఉండాలి. అక్కడ మూడు రకాలూ రావు, ఒక రకమూ రాదు. పాతికేళ్ళ సర్వీసులో నాకు పాఠం చెప్పడం వచ్చునో రాదో రెండువందల మంది ముందు తేలిపోతుంది. నాకు భయంగా ఉందండి. నిజంగా భయంగా ఉంది."

"మరీ అంత భయమెందుకండీ."

"ఇంకోటి. పిల్లలకి ఆ ప్రణాళిక ఎలా చేరిందో అంతుపట్టట్లేదు. బల్లల సొరుగుల్లో ఉందంటారు. ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ, పిన్ను కొట్టి మరీ. స్టాఫ్ రూములో ఎవర్నడిగినా నాకు తెలీదంటే నాకు తెలీదని. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం."

"సెంబే బిస్కెట్లు తీసుకోండి. అతిథి గారి కోసం తెప్పించింది మిగిలింది."

"పిన్ను ఎడమ మూల కాకుండా నడిమధ్యలో కొట్టుంది. ఈ బడిలో పిన్ను నడిమధ్యలో కొట్టేది..."

"తినండి ముందు."

"ఇగరాషి సెన్సే."

"నేనే. సరేనా? నేనే పెట్టాను."

"మీరా!"

"మీ ప్రణాళిక చదివితే మీ మాటలా లేదు. మొదటి వాక్యం నెట్లో కొట్టి చూశా. మీకెంత ఉచితంగా దొరికిందో నాకూ అంతే ఉచితంగా దొరికింది. మళ్ళీ మీరు 'ఇంకెవరైనా' అంటూ చెమటలు కక్కుతుంటే చూడలేననిపించింది. పోయిన బుధవారం పిల్లలు ఆటస్థలంలో ఉండగా సొరుగుల్లో పెట్టా. చదువుకోమనే పెట్టా గానీ, నాటకం వెయ్యమని నేనన్లేదు."

"నేను నెట్లోంచి ఎత్తుకురావడం, మీరు నా దగ్గర్నించి ఎత్తుకెళ్ళడం. వాళ్ళు పిల్లలు, వాళ్ళనని ఏం లాభం."

"ఇద్దరం ఇద్దరమే. ఇక జిల్లా సభ సంగతి..."

"ఉండండి. అందరికీ పెట్టారా?"

"అందరికీ."

"మరి చిహారు?"

"ఏ చిహారు?"

"కిటికీ పక్కన కూర్చుంటుంది, గొంతు పెగలదు. నిన్న ర్యోగా తప్పు చెప్పి కూర్చోగానే ఈ పిల్ల చెయ్యెత్తింది. అది ఏ రకంలోనూ లేదు. టాబ్లెట్లో బొమ్మని తనే ఏదో మూల పట్టి లాగిందట. 'సెన్సే, పక్కకి వంచుతుంటే భుజాల పొడుగు అంతే ఉంది, లోపల గళ్ళు మాత్రం తగ్గిపోతున్నాయి. ఆ గళ్ళు ఎక్కడికెళ్ళాయి?' అంది."

"మంచి ప్రశ్నే!"

"మంచిదా? రాత్రంతా నాకు నిద్రలేదు."

"మీరేం చెప్పారు?"

"ఏదో... నవ్వి ఏదో అన్నాలెండి. అది కాదు నా సందేహం. అందరికీ పెట్టానంటున్నారు, మరి ఈ పిల్ల కాగితం చదివి కూడా అలా ఎందుకడిగింది?"

"హాజరు పట్టీ చూసి తీశానండీ. ఆ రోజు ఇరవై ఏడు మంది. ఇరవై ఏడు కాపీలు."

"మా తరగతి ఇరవై ఎనిమిది."

"ఒక పిల్లకి గవదబిళ్ళలని వాళ్ళమ్మ ఫోన్ చేసింది. పోయిన వారమంతా రాలేదు. నిన్ననే..."

"నిన్ననే వచ్చింది."

"వకుయి సెన్సే? ఏమిటలా అయిపోయారు? కూర్చోండి, కూర్చోండి."

"నిన్న ఆ గదిలో నేను నిజంగా పాఠం చెప్పింది ఒక్క పిల్లకన్నమాట. ఆ ఒక్కదానికీ నేనన్న మాట, 'అది ఇవాళ్టి పాఠంలో లేదమ్మా, కూర్చో.'"