గుర్రపుడెక్కకి మంచినీళ్ళు

(నికెల్ పూత వేసే వర్క్‌షాపు పెరడు. వర్క్‌షాపు తమ్ముడిది. పూత వేయగా మిగిలిన పాడునీళ్ళని శుభ్రం చేయడానికి గుర్రపుడెక్క వేసిన తొట్టి పక్కన, పరీక్ష గొట్టం పట్టుకుని నిలబడింది అక్క.)

"మళ్ళీ అడుగుతున్నా. మొక్కల్ని ఏం చేశావు?"

"ఏం చేయలేదక్కా. తొట్టిలో నీళ్ళు శుభ్రంగా ఉన్నాయిగా? ఇంకేం కావాలి?"

"నీళ్ళల్లో నికెల్ లేదు, సరే. గుర్రపుడెక్క వేళ్ళు దంచి చూస్తే వాటిలోనూ లేదు. ఇరవై రోజుల్లో దానికి రెక్కలొచ్చాయా?"

"ఏమో, అరిగిపోయిందేమో."

"అరగడానికి అన్నమా? ఈ మొక్క నికెల్‌ని లాగి వేళ్ళల్లో దాచుకుంటుంది, అంతే. పది గంటలకి తనిఖీ ఆవిడ సీలు పట్టుకుని వస్తోంది. మొక్కల్లో నికెల్ చూపించకపోతే, మంచినీళ్ళు నింపి మోసం చేశామంటుంది. నీ వర్క్‌షాపు మూతపడుతుంది. నా మొహం చూసి చెప్పు."

"చెప్తే తిట్టకూడదు."

"తిడతా. చెప్పు."

"మూడో రోజుకే ఆకులు పండిపోయాయక్కా. చూడలేకపోయా. ఆ పాడునీళ్ళు డ్రమ్ముల్లోకి తోడేసి, తొట్టి నిండా మంచినీళ్ళు పట్టా. మరీ పండిపోయినవాటిని డ్రమ్ముల్లోనే పడేశా."

"మంచినీళ్ళా! గుర్రపుడెక్కకా!"

"పాపం, దాహంతో ఉన్నట్టు కనిపించాయే!"

"నీళ్ళల్లో తేలే మొక్కకి దాహమేంట్రా! డ్రమ్ములేవి?"

"ఇవే. మూడు."

"ఉండు, మందు చుక్క వేస్తా. నికెల్ ఉంటే గులాబీ రంగు రావాలి... రాలేదు. ఒరేయ్, మూడింట్లోనూ రాలేదు!"

"ఇప్పుడు నేనేం చేశానక్కా?"

"ఏం చేయలేదు, అదే నీ అదృష్టం. ఇదిగో, అడుగున ఓ వేరు ముక్క. దీన్ని దంచి చుక్క వేస్తే... చూడు, ఎంత గులాబీయో! నువ్వు పారేసినవే మొత్తం లాగేశాయిరా! గట్టెక్కాం. నాకు డిగ్రీ వచ్చినప్పుడు కూడా ఇంత సంతోషం లేదు. మిగతా మొక్కలేవి?"

"ఏ మిగతా?"

"ఈ డ్రమ్ముల్లోవి!"

"అక్కా, గేటు చప్పుడైంది."

"మాట మార్చకు."

"మార్చట్లేదు. అవి ఊదా పూలు పూశాయి. పూస్తే, నిన్న..."

"నమస్తే. పదయింది. సీలు తెచ్చాను గానీ, దాంతో పని పడకూడదనే నాకూ ఉంది. నీళ్ళు చూపిస్తారా?"

"రండి మేడం. మా తమ్ముడు ఈ పాడునీళ్ళని తొట్టిలోంచి డ్రమ్ముల్లోకి మార్చాడు. అక్కడే శుభ్రమయ్యాయి, మీరే చుక్క వేసి చూడండి. నికెలంతా మొక్కల్లోకి వెళ్ళింది. వాటిని వీడు జాగ్రత్తగా దాచాడు. చెప్పరా, ఎక్కడ?"

"మేడం దగ్గరే."

"నా దగ్గరా?"

"నిన్న తనిఖీ తేదీ చెప్పడానికొచ్చి, పూలు బాగున్నాయన్నారుగా మేడం. తొట్టిలోవి ముట్టుకోవద్దని మొన్నే అక్క నాతో ఒట్టు వేయించుకుంది. అందుకే డ్రమ్ముల్లో ఉన్నవన్నీ గంపకెత్తి ఇచ్చా."

"అయ్యో, వాటిని మా ఇంట్లో చేపల తొట్టిలో వేశానే! సాయంత్రం చేపల్ని కూడా తెద్దామనుకుంటున్నా!"

"చేపల్ని తేకండి మేడం. తెచ్చిన సీలు మాత్రం వృథా కాదు. పదండి, ముందు మీ తొట్టికి వేద్దాం."