ఆకు నూనెల తీర్పరి ముక్కుసూటమ్మ గారు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జూలై మూడో తేదీ, సోమవారం ఉదయం, మన పరిమళ ద్రవ్యాల కర్మాగారంలో నాణ్యతా విభాగానికి సహాయకురాలిగా ఇరవై రెండేళ్ళ యువతి ఒకరు చేరారు. మొదటి రోజు ఆమెకు అప్పగించిన పని, ఆకు నూనె పీపాలను దారికి అడ్డం లేకుండా గోడ వారకు జరిపించడం. ఒకే నారింజ చెట్టు మూడు నూనెలు ఇస్తుంది. పువ్వు నూనెకు ఆ రోజుల్లో తాళం వేసిన బీరువా ఉండేది. తొక్క నూనెకు కొనేవాళ్ళు వరస కట్టేవారు. కొమ్మలు కత్తిరించినప్పుడు రాలిన ఆకుల నుంచి, లేత రెమ్మల నుంచి వచ్చిన నూనె మాత్రం సబ్బుల తయారీకి పోయేది. గోడ వారకు జరిపించమంటే ఆమె ఒక పీపా మూత తీసి వాసన చూసి, పై అధికారి దగ్గరకు వెళ్ళి, "ఇది బట్టలుతకడానికి పంపే నూనె కాదండీ" అన్నారట. ఉద్యోగంలో చేరి అప్పటికి ఒక పూట గడిచిందో లేదో!

ఉన్నమాట మొహం మీదే అనడం వల్ల మొదటి ఏడాదిలోనే ఆమెకు "ముక్కుసూటమ్మ" అన్న పేరు స్థిరపడింది. పెట్టినవారు చాటుగా పిలుచుకుందామనే పెట్టారు. ఆ సంగతి తెలిసి ఆమె, "చాటుగా ఎందుకు, ఎదురుగానే పిలవండి, పలుకుతాను" అన్నారు. ఈనాటికీ పలుకుతున్నారు.

తొంభైల తొలినాళ్ళలో నారింజ, నిమ్మ, కమలా ఆకులన్నీ ఒకే బట్టీలో కలిపి, ఆవిరి పట్టి నూనె వంచేవారు. వాటిని వేరు చేయించడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. "కమలా ఆకు నూనె మంచిదే గానీ, ఒక్క చుక్క ఎక్కువైతే మిగతావాళ్ళని మాట్లాడనివ్వదు" అని వాదించేవారు. సహజ పరిమళాలు కూర్చే విభాగంవారు ఆకు నూనెను తొలిసారి ప్రయోగించి చూసింది ఆమె పట్టుదల వల్లనే. ఆకుతో ఏం పని అని వారు అడిగినప్పుడు ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ కొత్తవారికి పాఠంగా చెబుతున్నారు: "పైనుండే తొక్క వాసనలు చుట్టపుచూపుగా వచ్చి పోతాయి. అడుగునుండే చెక్క వాసనలు ఒకసారి కూర్చుంటే లేవవు. ఈ ఇద్దరికీ మధ్య మాట కలిపేవాళ్ళు ఒకరుండాలి కదండీ!" ఆకు నూనెలోని ఆ చేదు పచ్చివాసన లేకుండా ఇవాళ మన సంస్థలో ఒక్క పరిమళమూ బయటికి వెళ్ళడం లేదు.

తొంభై మూడులో ఆమె వివాహం బట్టీల పర్యవేక్షకుడితో జరిగింది. ఎప్పుడూ ఆవిరిలోనే కనిపించే మనిషి కాబట్టి అందరూ ఆయనను "ఆవిరాయన" అనేవారు. ఆయన చెల్లెలు కర్మాగారం బడిలో ఉపాధ్యాయురాలు. ఈ వ్యాసం రాసే పని సహోద్యోగులు ఆమెకే అప్పగించారు. భర్త నూనె వంచడం, భార్య దానికి తీర్పు చెప్పడం ఏ సంసారానికైనా చిక్కే. పెళ్ళైన కొత్తలోనే ఆయన వంచిన ఒక జాడీని ఆమె తిప్పి పంపారు. బండిలో ఆకును కుప్పగా తొక్కి తెచ్చారనీ, లోపల వేడెక్కి వాసన చెడిందనీ కారణం. మధ్యాహ్నం భోజనాల గదిలో అందరి ముందూ ఆయన నిష్ఠూరమాడారు.

"ఇంట్లో నువ్వు చేసిన కూర బాగోలేదని నేనెప్పుడైనా అన్నానా?"

"అనరు. అందుకే ఏ పూట ఉప్పెక్కువైందో నాకు తెలీకుండా పోతోంది."

"అయితే ఇవాళ ఎక్కువైంది."

"హమ్మయ్య, ఇప్పటికి నోరు విప్పారు" అని ఆమె క్యారేజీ ఆయన ముందునుంచి తీసేసి తన పెరుగన్నం ఆయన వైపు జరిపారు. ఆ తర్వాత ఆయన ఆకును కుప్ప పోయనివ్వలేదు. పలచగా పరిచి, నీడలో ఉంచి, ఆ పూట కోసిన ఆకును ఆ పూటే బట్టీకి ఎక్కించేవారు. ఆమె తిప్పి పంపవలసిన అవసరమూ మళ్ళీ రాలేదు.

రెండు వేల ఎనిమిదిలో ఆమె వాసనల విభాగానికి అధిపతి అయ్యారు. ఏ నూనెనైనా ఇద్దరు వేరువేరు గదుల్లో చూడాలనీ, ఒకరి మాట ఒకరి చెవిన పడకూడదనీ నియమం పెట్టింది ఆమే. జలుబు చేసినవారికి బల్ల దగ్గర చోటు ఉండదు; మనసు బాగోలేనివారికీ ఉండదు. "ఏడ్చిన ముక్కు అబద్ధం చెబుతుంది" అనేవారు.

కిందటి శీతకాలంలో సంభవించిన దుఃఖం ఈ సంచిక చదివే అందరికీ తెలిసినదే. ఒక రోజు ఆవిరాయన నారింజ ఆకు నూనె ఒక జాడీడు వంచారు. మన కర్మాగారం పద్ధతి తెలియని, ఉద్యోగుల కుటుంబ సభ్యుల కోసం ఒక మాట: అప్పుడే వంచిన ఆకు నూనెలో ఉడికిన ఆకు వాసన ఉంటుంది. అది పోవడానికి జాడీ మూతికి పలచని గుడ్డ కట్టి కొన్ని వారాలు గాలి పట్టనిస్తారు. ఆ తర్వాత గుడ్డ విప్పి, గాలి చొరకుండా సీలు వేస్తారు. ముందు విప్పితే ఉడుకు వాసన మిగిలిపోతుంది, ఆలస్యమైతే నూనె పాడవుతుంది. అందుకని గుడ్డ ఎవరు కడితే వారే విప్పాలన్నది పాత ఆచారం. ఆయన ఆ సాయంత్రం గుడ్డ కట్టి ఇంటికి వెళ్ళారు. మరునాడు ఉదయం గుండె ఆగి కన్నుమూశారు.

ముక్కుసూటమ్మ గారు సుదీర్ఘమైన సెలవు పెట్టారు. గడువు వచ్చింది, దాటింది. గోదాములో ఆ జాడీ పక్కనుంచి వెళ్ళేటప్పుడు అందరూ గొంతు తగ్గించేవారు. నేల ఊడ్చేవారు దాని చుట్టూ ఊడ్చారు తప్ప దాన్ని కదపలేదు. ఆయన కట్టిన ముడి మీద మరొకరు చెయ్యి వేయడం ఎవరికీ మనసొప్పలేదు. ఇంతలో పరిమళాలు కూర్చే విభాగంవారు తమ కొత్త పరిమళంలో ఆయన చివరి నూనెనే వాడాలని నిశ్చయించుకుని, ఆమె రాక కోసం ఎదురు చూశారు.

ఆమె తిరిగి వచ్చిన రోజున గోదాము పెద్దాయన స్వయంగా తోడుండి తీసుకెళ్ళారు. "మీ కోసమే ఉంచామమ్మా. ఎవరం ముట్టుకోలేదు" అన్నారు.

ఆమె జాడీ వైపు చూశారు. "గుడ్డ ఇంకా ఉందేం?"

"కట్టిన చెయ్యే కదమ్మా విప్పాలి..."

అంటూనే ఆయనకు తాము చేసిన పని అర్థమైంది.

ముడి గట్టిగా బిగుసుకుపోయింది. కత్తెర ఇవ్వబోతే ఆమె వద్దన్నారు. గోళ్ళతో విప్పి, గుడ్డ మడిచి పక్కన పెట్టి, కాగితపు పట్టీ ముంచి తన గదిలోకి వెళ్ళారు. రెండో పట్టీ ఆమె విభాగం ఉపాధిపతి గారికి వెళ్ళింది. ఆయన తన గదిలోంచి త్వరగానే బయటికి వచ్చి "బాగుంది" అన్నారు. ఆమె మాత్రం ఎంతకీ రాలేదు. వచ్చాక ఆయన వైపు తిరిగి, "బాగుందా?" అని అడిగారు.

ఆయన తల దించుకున్నారు. "మేడమ్, ఒక్క జాడీ. పెద్ద పీపాలో కలిస్తే ఎవరికీ తెలీదు. అందరం కోరుకుంటున్నాం."

"మీరందరూ ఎందుకు కోరుకుంటున్నారో నాకు తెలుసు బాబూ. కానీ ఇది పాత రంగుడబ్బా వాసన కొడుతోంది. దీన్ని బాగుందని పంపితే, ఆయన వంచిన నూనె ఇలాగే ఉంటుందని చెప్పినట్టు. ఆయన ఇలాంటిది వంచలేదు. ఇది మనం చేసింది."

గోదాము పెద్దాయన గోడ వైపు తిరిగి కళ్ళు ఒత్తుకున్నారు. ఆమె ఆయన భుజం తట్టి, "ఊరుకోండి అన్నయ్యా. చెడగొట్టాలని చెడగొట్టారా? నేను ఇక్కడున్నా విప్పేదాన్ని కాదేమో" అన్నారు. ఆ సాయంత్రమే జాడీ సబ్బుల పీపాలోకి పోయింది. తన చేతులతోనే వంపుతానని ఆమె పట్టుబట్టారు.

ఇంటికి నడిచి వెళ్ళే దారిలో ఆడపడుచు ఉండబట్టలేక అడిగింది. "వదినా, గడువుకి విప్పి ఉంటే ఆ నూనె బాగుండేదంటావా?"

"ఏమో. ఆ రోజు ఆయనకి ఒంట్లో ఎలా ఉందో, ఆకు ఎలా ఉందో... ఇక తెలుసుకునే దారి లేదు." కొంత దూరం నడిచాక మళ్ళీ అన్నారు: "ముప్పై ఏళ్ళు అందరి నూనెకీ తీర్పు చెప్పాను. ఆ ఒక్కదానికీ చెప్పలేకపోయాను."

మర్నాడు ఆమె పాత ఆచారాన్ని మార్పించారు. ముడి ఎవరిదైనా సరే, గడువు రోజున గోదాములో ఎవరుంటే వారు విప్పాలి. మొదటి గడువు వచ్చినప్పుడు అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, "చూస్తారేం, విప్పండి" అని దగ్గర నిలబడి విప్పించారు.

ఈ నెలాఖరున ముక్కుసూటమ్మ గారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆకు నూనెకు ఆమె సంపాదించిపెట్టిన గౌరవం మన దగ్గర నిలుస్తుంది; ఆమె ఖాళీ చేసే కుర్చీలో కూర్చునేవారు ఆ గౌరవానికి భంగం రానివ్వరని సంస్థ తరఫున మాట ఇస్తున్నాం. ఆమెకు పరిపూర్ణమైన ఆరోగ్యమూ, నిండు ఆయుష్షూ కలగాలని మనసారా కోరుకుంటున్నాం. ఇకపై ఉదయం పూట కిటికీ తెరిచినప్పుడు ఏ చెట్టు గాలి లోపలికి వచ్చినా, అది బాగుందో బాగోలేదో ఎవరికీ చెప్పవలసిన పని లేకుండా, ఊరికే పీల్చుకునే రోజులు ఆమెకు చాలా, చాలా ఉండాలి.

— కర్మాగార పాఠశాల ఉపాధ్యాయురాలు