మాట్లాడని ఫోన్లు

గుండీలు కుడుతున్న ఆమె చేతిలో సూది ఆగిపోయింది. ఎదురుగా భర్త ఆమె ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

"వెయ్యొద్దని మరీ మరీ చెప్పాను కదండీ ఆ అప్‌డేట్!"

"వెయ్యకపోతే దొంగలు ఫోన్‌లో దూరతారటే. సోమవారం నువ్వు బజారుకెళ్లినప్పుడు వేసేశాను."

"కొత్త నంబర్ నుంచి చేసినవాళ్లు మాట్లాడకపోతే అదే కట్ చేసేస్తుందట. ఆపే వీలు కూడా లేదట."

"మంచిదేగా. మాట్లాడనివాళ్లతో మనకేం పని?"

"మన అమ్మాయి మాట్లాడదండీ. గడప తొక్కొద్దని మీరు గెంటేసినప్పటి నుంచి, నెలకోసారి ఎవరిదో ఫోన్ అడిగి చేస్తుంది. పక్కన మీరుంటారేమోనని నోరు విప్పదు. నేను చెప్పేది విని పెట్టేస్తుంది."

"అది అమ్మాయేనని నీకెలా తెలుసు?"

"ఆ ఊపిరిలో పిల్లికూతలు నాకు తెలీవా? ఉబ్బసం వచ్చినప్పుడల్లా వీపు రాసినదాన్ని."

అతను కట్ అయిన కాల్స్ వెతికాడు.

"ఏముందండీ?"

"ఒకటే నంబర్. బుధవారం, గంటలో పదకొండుసార్లు."

"నెలకోసారి చేసే పిల్ల... ఊపిరాడక చేసిందేమో, వెంటనే చెయ్యండి!"

అతను ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"ఎత్తారే."

"ఏమంటోంది?"

"ఏమీ మాట్లాడటం లేదు."

"పిల్లికూతలు వినిపిస్తున్నాయా?"

"లేదే. అవీ లేవు. ఎవరో ఏడుస్తున్నారు."