అత్తయ్య బీరువాలో రంగు దుంప

ఏప్రిల్ ఐదున, ఈస్టర్ నాడు, రైల్వే క్వార్టర్లో పిల్లలంతా పులిహోర తిని, పెద్దలు దాచిన రంగుగుడ్లు వెతికే గుడ్ల వేట ఆడారు. గుడ్డూ పాలూ ముట్టని స్నేహితురాలి కోసం ఆ ఇంటి తాతగారి మనవరాలు ఈసారి గుడ్లకు బదులు ఉడికించిన బంగాళాదుంపలకే రంగులేసింది. రెండు వారాలకు తాతగారి గదిలో కంపు మొదలైంది. కోడలు వచ్చి చూసింది.

"వాక్! ఏటి మావయ్యా, ఎలకేదో చచ్చినట్టుంది. అత్తయ్య బీరువాలోంచే!"

"దుంపమ్మా. నానే దాచాను."

"ఛీ ఛీ! పట్టుచీర మీద పురుగులు! ఇందులో ఎందుకెట్టారు?"

"ఆవిడ పోయాక ఈ బీరువా తీస్తే నాకు ఏడుపే. పిల్లలు నవ్వుతూ తీస్తే బాగుంటాదనుకున్నాను. తాతయ్య కోప్పడతాడని ఒక్కరూ ముట్టలేదు."

"కంపొచ్చినప్పుడైనా చెప్పరేటి?"

"మళ్ళీ తెరవడానికి చెయ్యి రాలేదమ్మా."

కోడలు ముక్కుకి కొంగు కట్టుకుని ఆ చీర తనే ఉతికింది. రాత్రి ఆయన నడుం వాల్చాక, బీరువాని బార్లా తెరిచే ఉంచి, గది తలుపు మాత్రం మెల్లగా మూసింది.