డెమో క్లాసులో తెరిచిన లింకు

అలా మొహం తిప్పుకుంటే ఎలా మధులతా? దారిన పోయేవాడినా నేను? ఆరేళ్ళు ఒకే క్లినిక్‌లో పనిచేశాం. నువ్వు ముందు కౌంటర్లో, నేను లోపల కంప్యూటర్ల గదిలో. 'కృష్ణమోహన్ సార్, ప్రింటర్ మళ్ళ ఆగింది' అని రోజుకి పదిసార్లు పిలిచేదానివి. ఇవాళ పది నిమిషాల నుంచి నీ ముందు నిలబడి ఉంటే, ఎన్ని కాపీలు అని కూడా అడగవేం?

సరేలే, అడగకు. అడిగించుకునే మొహం కాదు నాది.

కరెంటు పోయి జిరాక్స్ మిషను ఆగడం ఒక్కటే నా అదృష్టం. లేకపోతే ఈ హాస్టల్ పిల్లలు నోట్సులు పట్టుకొచ్చి నన్ను ఎప్పుడో పక్కకి నెట్టేసేవాళ్ళు. నీ స్పైరల్ బైండింగ్ నువ్వు చేసుకో. చేసుకుంటూనే విను, చాలు.

మధురానగర్లో నీ షాపు వెతకడానికే రెండు నెలలు పట్టిందని చెబుదామనుకుంటూ వచ్చాను. అబద్ధం. నువ్వు ఇక్కడ చేరిన వారానికే తెలిసింది. మెట్రో మెట్ల దాకా వచ్చి మూడుసార్లు వెనక్కి పోయాను. నాలుగోసారి కాళ్ళు ఇలా తీసుకొచ్చాయి.

మీ నాన్న హనుమాండ్లు గారు ఎలా ఉన్నారు? ... సరే, అదీ అడగను.

రాకేశ్ గుర్తున్నాడా? డాక్టర్ గారు పిలిపించారే, మన డేటా ఎంత భద్రంగా ఉందో చూడమని. కళ్ళజోడు అబ్బాయి. వచ్చి, క్లౌడ్‌లో మనం దాచిందంతా తిరగేసి, తల పట్టుకున్నాడు. మానేసి పోయిన వాళ్ళ లాగిన్లు ఇంకా బతికే ఉన్నాయన్నాడు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకే ఉండాలి, పాస్‌వర్డ్ తరవాత ఫోన్‌కి కోడ్ రావాలి, ఏ ఫైలూ 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అన్నట్టు ఉండకూడదు అన్నాడు. మనది మామూలు క్లినిక్ కాదు, మనసు బాగోలేని వాళ్ళు గుట్టుగా వచ్చి చెప్పుకునే చోటు, ఒక్క కాగితం బయటపడినా ఒక మనిషి పరువు పోతుంది అన్నాడు.

నిజమే కదా. మన దగ్గరికి వచ్చేవాళ్ళు పంజాగుట్టలో షాపింగ్‌కి పోతున్నామని ఇంట్లో చెప్పి వచ్చేవాళ్ళు. ఎవరైనా చూస్తే, 'ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి కేసా' అంటారని వాళ్ళ భయం.

ఆ అబ్బాయి చెప్పినవన్నీ చేశామని రిపోర్టు రాసి సంతకం పెట్టింది నేనే. కొన్ని చేశాను. నీ లాగిన్‌కి కోడ్ కూడా పెట్టాను. నీకూ గుర్తుండే ఉంటుంది, ఆ కోడ్ డాక్టర్ గారి ఫోన్‌కి వచ్చేది. ఆవిడేమో లోపల పేషెంటుతో ముప్పావుగంట తలుపేసుకునేవారు. బయట జనం నీ మీద విసుక్కునేవాళ్ళు. నాలుగు రోజులకే 'సార్, జర ఏమన్న చెయ్యుండ్రి, పరేషాన్ అయితుంది' అన్నావు. నేను ఆ కోడ్ తీసేశాను.

నువ్వు అడిగావని కాదులే. నీ ఒక్కదాని కోసమైతే వేరే దారి చూసేవాడిని. బద్ధకం. తీసెయ్యడానికి రెండు నొక్కులు చాలు.

ఇప్పుడు అసలు సంగతి.

శని, ఆదివారాలు నేను అమీర్‌పేటలో పాఠాలు చెబుతానని నీకు తెలుసు. ఏం పాఠాలో ఎప్పుడూ అడగలేదు నువ్వు. క్లౌడ్ సెక్యూరిటీ. నవ్వుకో, పర్లేదు. ఊళ్ళో డేటా అంతా ఎలా కాపాడాలో పిల్లలకి నేర్పే మాస్టర్ని నేను.

అక్కడ మొదటిది డెమో క్లాసు. ఊరికే వచ్చి కూచుంటారు, నచ్చితే చేరతారు, లేకపోతే పక్క మెట్లెక్కి ఇంకో ఇన్‌స్టిట్యూట్‌కి పోతారు. ఒక్కో బిల్డింగుకి పది బోర్డులాయె. పిల్లలకి ఏం కావాలి? రియల్ టైమ్ ప్రాజెక్ట్ కావాలి. ఉత్తుత్తి పేర్లు పెట్టి నేను తయారుచేసిన ఫైలు చూపిస్తే మొహాలు మాడ్చుకుంటారు. ఆ ఆదివారం వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, 'సార్, డమ్మీ డేటా యూట్యూబ్‌లో సుత ఉంటది, లైవ్ ఉంటే చూపియ్యుండ్రి' అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు పౌరుషం వచ్చింది మధులతా. నలభై ఆరేళ్ళ వాడికి, ఇరవై ఏళ్ళ పిల్లాడి మాటకి.

మన క్లినిక్ ఫోల్డర్ తెరిచాను.

నా లాగిన్‌తో కాదు. దానికి కోడ్ కావాలి, ఆ కోడ్ వచ్చే రెండో ఫోన్ ఇంట్లో మర్చిపోయాను. కోడ్ అక్కర్లేనివాటిలో నాకు పాస్‌వర్డ్ తెలిసింది ఒక్కటే. నీది. పాస్‌వర్డ్ నీ కీబోర్డు కింద చీటీ మీద రాసి అంటించిందీ నేనే, మర్చిపోతావని.

ఆగు, చెప్పనీ. పూర్తిగా చెప్పనీ.

అజాగ్రత్తగా ఉన్న కంపెనీ ఎలా ఉంటుందో ముందు చూపిస్తాను, తరవాత మీ కళ్ళ ముందే బిగిస్తాను అన్నాను. ఒక ఫోల్డర్‌ని లింకు ఉన్న ఎవరైనా చూసేలా తెరిచి, ఆ లింకు పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాను, వాళ్ళ ఫోన్లలో వాళ్ళే చూసుకోమని. అబ్బో అన్నారు. నాకు మస్తుగా అనిపించింది. ఇక మూసి చూపిద్దామనుకునేసరికి తర్వాతి బ్యాచ్ వాళ్ళు తలుపు కొట్టారు. అక్కడ అంతే, పదకొండు కొడితే గది ఖాళీ చెయ్యాలి, మాట మధ్యలో ఉన్నా సరే. ల్యాప్‌టాప్ మూసి బయటపడ్డాను. కింద పిల్లలు చుట్టుముట్టి, ఎప్పటి నుంచి క్లాసులు సార్ అని అడుగుతుంటే ఆ సంబరంలో లింకు మాటే మర్చిపోయాను.

పందొమ్మిది రోజులు. పందొమ్మిది రోజులు అది తెరిచే ఉంది.

చూసినవాళ్ళలో ఎవడో మన పేషెంటు రవళి గారి కాలనీ వాడు. ఆవిడ పేరు చూశాడు, ఫొటో తీశాడు. అది చేతులు మారి మారి వాళ్ళ అత్తగారి ఫోన్‌కి చేరింది. బిడ్డ పోయిన తరవాత ఆవిడ డాక్టర్ గారికి ఒక్కరికే చెప్పుకున్న మాటలు, వాళ్ళింటి హాల్లో కూచుని అందరూ చదివారట.

తరవాతది నీకు నాకంటే బాగా తెలుసు. ఆవిడ వచ్చి నీ కౌంటర్ దగ్గరే నిలబడింది. వచ్చినప్పుడల్లా మంచినీళ్ళు ఇచ్చేదానివి నువ్వు. అరవలేదు, తిట్టలేదు. 'నీకు నేనేం చేశానమ్మా?' అంది నిన్ను.

నేను నీ వెనకే ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ప్రింటర్లో కాగితాలు సర్దుతున్నాను.

డాక్టర్ గారు రికార్డు తియ్యమన్నారు, ఎవరి లాగిన్‌తో తెరిచారో చూడమని. తీశాను. నీ పేరు వచ్చింది. ఆ మాట నిజమే, నీ పేరే ఉంది అందులో.

కానీ ఆ పేజీలో ఇంకో వరస ఉంటుంది మధులతా. ఏ రోజు, ఎన్నింటికి, ఏ చోటి నుంచి అని. ఆదివారం, పదిన్నర, అమీర్‌పేట. ఆదివారం మన క్లినిక్ సెలవు. ఆ వరస చూస్తే చిన్నపిల్లాడైనా అడుగుతాడు, ఆ పిల్ల అమీర్‌పేటలో ఏం చేస్తోందని.

ఆ వరస తీసేసి ప్రింట్ ఇచ్చాను.

మర్చిపోయి కాదు.

నువ్వు లోపలికొచ్చి కాగితం చూసి, నా వైపు తిరిగి, 'నేను చెయ్యలే సార్, మీకెర్కే గద' అన్నావు. నమ్మకంతోనే అన్నావు, సార్ నా తరఫున మాట్లాడతాడని. నేనేమో నీకు తెలిసిపోయిందనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. 'రికార్డు అబద్ధం చెప్పదమ్మా' అన్నాను. అమ్మా అని కూడా అన్నాను, చూడు.

నిన్ను ఉద్యోగంలోంచి పంపేసిన మర్నాడే అన్నీ చేసేశాను. పాత లాగిన్లు పీకేశాను, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకి, ఎవరి కోడ్ వాళ్ళ ఫోన్‌కే. అంతా కలిపి ఒక్క పూట పని. ఆ పూట ముందే కేటాయించి ఉంటే రవళి గారు తలెత్తుకు తిరిగేవారు, నువ్వు నీ కుర్చీలో ఉండేదానివి. రాకేశ్ మళ్ళీ వచ్చి చూసి భేష్ అన్నాడు. డాక్టర్ గారు అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. కంచే చేను మేసి, మళ్ళీ కాపలాకి మెప్పు కూడా కొట్టేసింది.

ఏమంటావు? ... డాక్టర్ గారికి చెప్పానా అనా?

చెబుతాను. చెబుదామని రెండుసార్లు తలుపు దాకా పోయాను. అమీర్‌పేటలో తెలిస్తే ఏ ఇన్‌స్టిట్యూట్ వాడూ గుమ్మం ఎక్కనివ్వడు, ఇక్కడ ఉద్యోగం పోతుంది. మా హైందవి ఇంటర్ చదువుతోంది, తండ్రి ఏం చేశాడో కాలేజీలో... చూశావా, మళ్ళీ నా గోడే. నీకూ ఒక తండ్రి ఉన్నాడన్న మాట నా నోటికి రాదు.

ఆ బైండింగ్ తీగ వదిలెయ్యి, వేలు తెగుతుంది. ఇంకొక్కటుంది. అసలు దాని కోసమే వచ్చాను, ఇందాకటి నుంచి చుట్టూ తిరుగుతున్నాను.

నిన్న మధ్యాహ్నం ఒక ఫోన్ వచ్చింది. నువ్వు ఇంటర్వ్యూకి పోయిన ఆసుపత్రి నుంచి, మధ్యవయసు ఆవిడెవరో. నువ్వు బాగా నచ్చావట. రిజిస్ట్రేషన్ కౌంటర్లో పెట్టుకుందామనుకుంటున్నారు. మా నంబరు నువ్వే ఇచ్చావట, నా పేరు కూడా. నా పేరు ఎలా రాయబుద్ధి అయింది మధులతా నీకు?

'ఒక్క మాట చెప్పండి సార్, పేషెంట్ల ఫైళ్ళు ఈ అమ్మాయి చేతికి ఇవ్వొచ్చా?' అని అడిగింది.

ఇవ్వొచ్చు అంటే అయిపోయేది. కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు, నాకంటే భద్రంగా చూస్తుంది అంటే అయిపోయేది. డాక్టర్ గారు ఎదురుగా కూచుని ఉన్నారు. ఇవ్వొచ్చు అంటే, మరి ఎందుకు పంపేశాం అని ఆవిడ అడుగుతారు. అడిగితే నా దగ్గర ఏముంది చెప్పడానికి?

నీ మీద చెడ్డ మాట అనలేదు. ఒట్టు, ఒక్కటి కూడా అనలేదు.

ఏమీ అనలేదు. ఇక్కడ ఇంతసేపు వాగానే, అక్కడ నోరు పెగల్లేదు. ఫోన్లో ఆవిడ 'అర్థమైంది సార్, థాంక్స్' అని పెట్టేసింది.

వాళ్ళ ఫోన్ కోసం ఇంక చూడకు మధులతా.