అక్క చెక్కిన పహిల్వాను

ఏదీ, ఆ ఫోను కాస్త ఇటు తిప్పమ్మా. కొట్టు బోర్డుకి అక్షరాలా? ఆగాగు, పైకి జరపకు. ఆ లావుపాటిది. పాతకాలం రకమంటావా? పాతకాలమే మరి, నేనూ అంతేగా. అలాంటిదాన్ని మా అక్క చేత్తో చెక్కింది, చెక్క మీద. అదే, మీ నాన్నకి మేనత్త. నువ్వు పుట్టేసరికి లేదులే. మా నాన్నకి ప్రెస్సు ఉండేదని చెప్పాను కదా, ముందు గదిలో కౌంటరు, వెనక రేకుల షెడ్డులో యంత్రం, కిటికీ కింద అక్క బల్ల. చిన్నక్షరాలు సీసంవి, కొనుక్కొచ్చేవాళ్లం. గోడలకంటించే పోస్టర్లకి మాత్రం చెక్కవే కావాలి. అవి చెక్కే పెద్దాయనకి చూపు ఆనకపోయేసరికి అక్క ఉలి పట్టుకుంది. "వేళ్లు తెగ్గోసుకుంటావే" అని అమ్మ గొణిగేది. "నా వేళ్లేగా, నీ వేళ్లు కాదుగా" అనేది ఈవిడ. అద్దంలో బొమ్మలాగా తిరగేసి చెక్కాలి, తెలుసా? మాట్లాడుతూ చెక్కేసేది.

ఆ అక్షరాల తీరెలా ఉండేదంటే, ఒక్కో అక్షరం పొట్టనిండా తిని బాసింపట్టు వేసుకుని కూర్చున్నట్టు. తలకట్టు చూస్తే కనుబొమ్మ ఎగరేసినట్టు. లోపలి సందు మాత్రం చీమ దూరేంత. ఊళ్లోవాళ్లు దానికి పహిల్వాను అని పేరు పెట్టారు. "మా నాటకానికి పహిల్వానే వెయ్యండి" అని అడిగి మరీ వేయించుకునేవాళ్లు. సర్కసుకి, కుస్తీలకి, సబ్బులకి భేషుగ్గా నప్పేది. ఒకాయన కూతురి పెళ్లికార్డు కూడా అందులోనే కావాలన్నాడు. "వేస్తాను బాబాయ్, కానీ రమ్మని పిలిచినట్టుండదు, రాకపోతే చూడండి అన్నట్టుంటుంది" అంది అక్క. ఇంకొకాయన వాళ్ల మామ పోయిన కబురు వెయ్యమంటే, "వద్దండీ, ఆయన లేచి కూర్చుంటారు" అంది. ఆయనా నవ్వేశాడు పాపం, అంత దుఃఖంలోనూ.

ఎక్కడికో పోయాను. అసలు చెప్పాలనుకున్నది కాలవ సంగతి. ఊరి చివర రంగుల మిల్లుండేది. మా ప్రెస్సుకి పెద్ద బేరం అదే, వాళ్ల లేబుళ్లన్నీ మావే. ఆ మిల్లు నీళ్లు కాలవలో కలిసేవి, కాలవ నీళ్లు బిందెల్లోకెక్కేవి. ఆ వేసవిలో పిల్లలకి వాంతులు మొదలయ్యాయి. ఒకటే వాంతులు. ఆసుపత్రి డాక్టరమ్మ నీళ్లు పరీక్ష చేయించి, తాగకూడదని నోటీసు అంటించింది. పేరాలు పేరాలు, సన్నక్షరాలు. ఎవరాగి చదువుతారు? బిందె నడుం మీదుంటే ఆగుతారా? ఆవిడే ఒకరోజు మా కౌంటరు దగ్గరికొచ్చి, "నడుస్తూ నడుస్తూనే తెలిసిపోవాలమ్మా" అంది అక్కతో. అక్కేమో, "చదువు రానివాళ్లకీ తెలియాలిగా" అంది. ఇక కూర్చుంది. 'తాగొద్దు'. అంతే మాట. అందులో 'ద్దు' ఉంది చూశావూ, దాన్ని మిగతావాటికి రెట్టింపు చేసింది. ఒత్తు మామూలుగా కిందెక్కడో నక్కి ఉంటుంది కదా, దాన్నీ పై అక్షరమంత లావు చేసి కూర్చోబెట్టింది. ఇదేంటే, పిల్ల తల్లిని మించిపోయిందన్నాను. "ఏది వద్దో తర్వాత కనుక్కుంటారురా, ముందు వద్దంటున్నామని తెలియనీ" అంది.

సిరా పూస్తుండగా మిల్లు మేనేజరొచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి, చెప్పులు కూడా చప్పుడయ్యేవి కావు. "వెయ్యొద్దని నేననను సార్" అన్నాడు నాన్నతో, "కాస్త సన్నక్షరంలో వేయించండి. ఇది చూస్తే జనం హడలిపోతారు." నాన్న గోడవారనున్న కట్టల వైపు చూశాడు. లేబుళ్ల మీద బతుకుతున్నాం మరి. అక్క తలెత్తి, "హడలాలనేనండీ చెక్కింది" అంది. అంత నెమ్మదిగానూ అంది. మేనేజరు నాన్న వైపే చూస్తున్నాడు. నాన్న చొక్కా చేతులు పైకి మడిచాడు. అక్క చేతిలోంచి రోలరు తీసుకున్నాడు. "జరుగు తల్లీ, మూలలకి సిరా అందలేదు" అని తనే పూశాడు. మా నాన్నని అంత పొడుగ్గా నేనెప్పుడూ చూడలేదు.

కాలవ పొడుగునా అంటించాం. చదువొచ్చినవాళ్లు ఒక్కసారి చదివి చెబితే చాలు, రానివాళ్లకి ఆ 'ద్దు' బొమ్మలా గుర్తుండిపోయింది. తెల్లారేసరికి ఖాళీ బిందెలు వెనక్కి తిరగడం చూశాను, ఈ కళ్లతో. వారం తిరక్కుండా వాంతులు తగ్గాయి. లేబుళ్లు పోయాయనుకో. ఆ ఏడు కొత్తబట్టల మాటెత్తలేదు ఇంట్లో ఎవ్వరం. కానీ ఊరంతా ఆ కాగితం ముందు గుమిగూడితే మిల్లువాళ్లు మాత్రం ఏం చేస్తారు? మురుగుకి వేరే గొట్టం వేసుకున్నారు, వీధుల్లో కుళాయిలొచ్చాయి.

తర్వాత ఒకావిడొచ్చింది ప్రెస్సుకి, చంకలో పిల్లాడు. "ఆ అక్షరం చేసింది నువ్వేనా అమ్మా?" అని అడిగి, కౌంటరు మీద గ్లాసులో నీళ్లుంటే వేలు ముంచి, ఆ కౌంటరు చెక్క మీదే 'ద్దు' రాసింది. ఒత్తు కూడా అంత లావుగానూ. "నాకింకేమీ రాదు, ఇదొక్కటే వచ్చు. వీడు బతికాడు" అంది. మా అక్క, ఎవరికైనా ఠక్కున జవాబు చెప్పే మనిషి, ఆ తడి ఆరిపోయేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత కొంగుతో కళ్లు...

ఊఁ. ఆ కిటికీ రెక్క కాస్త దగ్గరికి వెయ్యమ్మా, గాలి కొడుతోంది.